'ముందు ఎత్తు పెంచాలి' అంటే ఏ ముందు?

నిన్న గ్రూపులో ఒకరు పెట్టిన అనువాదం చదివాక ఇది రాయాలనిపించింది. పాత 1932 ఫోర్డ్ హాట్‌రాడ్‌కి (వేగం కోసం మార్చుకున్న పాత కారుని అలా అంటారు) ముందు చక్రాల సస్పెన్షన్ ఎత్తు ఎలా పెంచాలో చెప్పే వ్యాసం అది. ఇలాంటివి తెలుగులో రావాలి, చాలా శ్రమపడి చేశారు, అందులో సందేహం లేదు. కానీ మొదటి వాక్యమే 'ముందు ఎత్తు పెంచాలి, తరువాత క్యాస్టర్ చూసుకోవాలి' అని ఉంది (క్యాస్టర్ అంటే స్టీరింగ్‌ని తిన్నగా నిలబెట్టే ఒక కోణం, కింద చెబుతాను). ఈ 'ముందు' బండి ముందు భాగమా, మొదట చేయాల్సిన పనా? పక్కనే 'తరువాత' ఉంది కాబట్టి ఎవరైనా 'మొదట' అనే చదువుకుంటారు. ఇక ఏ వైపు ఎత్తు అన్నది తేలదు, వెనక వైపు పని మొదలుపెట్టినవాడిని తప్పు పట్టడానికీ లేదు.

చోటుకీ కాలానికీ ఒకే మాట వాడడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఇంటి ముందు, పెళ్లికి ముందు, ముందు ముందు తెలుస్తుంది. వెనక వీధి, వెనకటి రోజులు. మాట్లాడేటప్పుడు ఇబ్బంది లేదు, ఎదుటివాడు మన చెయ్యి ఎటు చూపిస్తోందో చూస్తాడు. పని నేర్పే రాతలో ఆ చెయ్యి ఉండదు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ఇలాంటి రాతల్లో 'ముందు'ని ఒంటరిగా వదలకూడదు. చోటు చెప్పాలంటే ముందు భాగం, ముందు ఇరుసు, ముందు చక్రాలు అని పక్కన ఇంకో మాట తగిలించాలి, వరస చెప్పాలంటే 'మొదట' అనాలి. 'ముందర' అని మార్చినా చిక్కు అలాగే ఉంటుంది.

క్రియల దగ్గర కూడా జాగ్రత్త కావాలి. 'ముందు భాగం ఎత్తాలి' అంటే షెడ్డులో ఎవరైనా జాకీ తెస్తారు, పని అయ్యాక మళ్లీ దించేస్తారు. ఇక్కడ అడుగుతున్నది బండి నాలుగు చక్రాల మీద నిలబడి ఉన్నప్పుడు ఉండే ఎత్తు. అందుకే 'ఎత్తు పెంచడం' సరైనది, 'ఎత్తడం', 'లేపడం' కాదు. దానికి ఎదురు మాటలోనూ అంతే. అనువాదంలో 'దించిన ఇరుసు' అని ఒక మాట వాడారు. బండ్ల భాషలో ఇంజన్ దించారంటే ఊడదీసి కింద పెట్టారని. దించిన ఇరుసు అంటే నేల మీద పడి ఉన్న ఇరుసే కళ్లముందుకొస్తుంది. అసలు వస్తువు వేరు. ఇరుసు మధ్యభాగం మామూలు కంటే కిందికి, చక్రాలు తగిలే కొసలు పైకి ఉండేలా వంచుతారు, దాంతో చక్రాలు అలాగే ఉండి బండి నేలకు దగ్గరవుతుంది. 'కిందికి వంచిన ఇరుసు' అంటే చదివినవాడు బొమ్మ గీయగలడు. డ్రాప్ యాక్సిల్ అని ఇంగ్లీషు పేరే తెలుగు లిపిలో రాసినా నాకు అభ్యంతరం లేదు.

ఇంతకీ హాట్‌రాడ్‌లకు ముందు భాగం అంత కిందికి ఎందుకుంటుందంటే, కాలిఫోర్నియా కుర్రాళ్లు 1930, 40ల్లో పాత ఫోర్డ్‌లు చవగ్గా కొని, మడ్‌గార్డులు పీకేసి, ఇంజన్‌కి పదును పెట్టి మ్యూరాక్ లాంటి ఎండిపోయిన సరస్సుల మీద పందేలు నడిపేవాళ్లు. ముక్కు దిగి తోక లేచిన ఆ వాలు అప్పటినుంచే ఆ బండ్లకు గుర్తు. 1932 ఫోర్డ్ అంటే వాళ్లకు మరీ ప్రాణం, సామాన్యుడు కొనగల ధరలో ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజన్ వచ్చింది దాంతోనే. కానీ రోడ్డు మీద తిప్పేవాళ్లకు అంత తక్కువ ఎత్తుతో గుంతలో పడినప్పుడల్లా ఇరుసు వెళ్లి ఫ్రేమ్‌కి కొడుతుంది. అందుకే మళ్లీ కాస్త పెంచాలనుకుంటారు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే బాధ కలిగించిన మాట: 'ఆకు స్ప్రింగు'. లీఫ్ స్ప్రింగ్‌ని, అంటే ఇనప పట్టీలు దొంతరగా పేర్చి బండి బరువు మోయించే స్ప్రింగుని, నిఘంటువు చూసి అలా రాసినట్టున్నారు. మన బండి చక్రానికి ఆకులు ఇప్పటికే ఉన్నాయి, కుండ నుంచి అంచు దాకా పోయే కర్రలవి. చక్రాల గురించి మాట్లాడుతూ 'ఒక ఆకు తీసేయండి' అంటే ఎద్దుల బండి ఎరిగిన మనిషి ఏమనుకోవాలి? లారీ నడిపే ప్రతి ఒక్కరికీ తెలిసిన మాట మనకుంది కదా, కమాను. అన్నీ కలిపితే కమాన్ కట్ట, విడిగా ఒక్కొక్కటి పట్టీ. 'కమాన్ కట్టలు విరిగి ఆగిన బస్సు' అని పేపర్లో ఎన్నిసార్లు చదవలేదు! పారసీలో విల్లు అని అర్థం, ఫిడేలు వాయించేదీ కమానే, హైదరాబాదులో చార్ కమాన్‌లో ఉన్నదీ అదే మాట. పైగా ఈ ఫోర్డ్‌కి అచ్చంగా సరిపోతుంది. లారీకి ముందు చక్రాల దగ్గర చెరో పక్కా ఒక కమాను పొడుగ్గా ఉంటుంది. 1932 ఫోర్డ్‌కి ముందు వైపు రెండు చక్రాలకూ కలిపి ఒకటే, అదీ అడ్డంగా, ఇరుసు మీద విల్లు బోర్లించినట్టు. నేనైతే అడ్డ కమాను అని రాస్తాను.

ఆ మాట పెట్టుకుంటే మిగతా పనంతా తేలిగ్గా తెలుగులోకి వస్తుంది చూడండి. కమాను కుంగిపోతే పట్టీలు విడదీసి మళ్లీ వంపు పెట్టించాలి. పట్టీలు అదనంగా వేసినా ఎత్తు పెరుగుతుంది గానీ కమాను బిగుసుకుపోయి, బండి తేలిక కాబట్టి కుదుపు ఎక్కువవుతుంది. పెద్ద పట్టీ కొసల చుట్టలు తిరగేసి చుట్టినవైతే, మామూలు చుట్టల పట్టీ వేస్తే చాలు, దాదాపు ఒక అంగుళం వస్తుంది. లేదా తక్కువ వంచిన ఇరుసు వేసుకోవాలి.

ఆ అనువాదం కింద ఒకరు క్యాస్టర్‌కి తెలుగు అడిగారు. నేను మార్చను, 'కింగ్‌పిన్ (స్టీరింగ్ తిప్పితే ముందు చక్రం దేని చుట్టూ తిరుగుతుందో ఆ మేకు) పైకొస వెనక్కి వాలి ఉండే కోణం' అని ఒక్కసారి చెప్పి క్యాస్టర్ అనే వాడతాను. ఎత్తు పెంచాక దాన్ని ఎందుకు చూడాలో మాత్రం వ్యాసంలో విప్పి చెప్పాలి. పాత ఫోర్డ్‌లో ఇరుసుని వెనక్కి పట్టి ఉంచే విష్‌బోన్ అనే కడ్డీ ఇరుసుకి కదలకుండా బిగించి ఉంటుంది. ఫ్రేమ్ పైకి వెళ్తే విష్‌బోన్ వెనక కొస కూడా పైకి వెళ్తుంది, ఇరుసు ముందు వైపుకి తిరుగుతుంది, క్యాస్టర్ తగ్గుతుంది. తగ్గితే స్టీరింగ్ తిన్నగా నిలబడదు.

'సంకెళ్లు నలభై అయిదు డిగ్రీల వాలులో ఉండాలి' అన్నదాన్ని కూడా దయచేసి మార్చండి. అవి కమాను కొసల్ని ఇరుసుకి తగిలించే షాకిళ్లు, షెడ్డులో అడిగినా ఆ పేరే చెబుతారు.

మొదటి వాక్యం నేనైతే ఇలా రాస్తాను: 'బండి ముందు భాగం ఎత్తు పెంచాలంటే మొదట అడ్డ కమాను కుంగిందేమో చూడాలి, ఎత్తు పెంచిన తరువాత క్యాస్టర్ మళ్లీ కొలవాలి.' ఇంతకంటే పొట్టిగా, అయోమయం లేకుండా ఎవరికైనా వస్తే ఇక్కడే రాయండి.