రూమ్మేట్ టొరెంట్ వాడితే నా పేరు మీదున్న నెట్ కట్ చేస్తారా?

డల్లాస్‌లో నలుగురం ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. నెట్ కనెక్షన్ నా పేరు మీద ఉంది. శనివారం పొద్దున ప్రొవైడర్ నుంచి మెయిల్ వచ్చింది. మీ ఐపీ అడ్రస్ నుంచి టొరెంట్‌లో సినిమా షేర్ అయింది, హక్కుదారులు ఫిర్యాదు చేశారు అని. ఫైల్ పేరు, రాత్రి 11:42 అని టైమ్‌తో సహా ఉంది. అప్పటికి నేను గుర్రుపెట్టి నిద్రపోతున్నాను. అడిగితే మావాడొకడు "అందరూ చేసేదేగా బ్రో" అన్నాడు. ఇది రెండో మెయిల్. మొదటిది స్పామ్ అనుకుని వదిలేశాను, నాదే బుద్ధితక్కువ.

కాస్త చదివాను. 1998 నాటి డీఎంసీఏ అనే అమెరికా కాపీరైట్ చట్టంలో, పదే పదే పైరసీ చేసే కస్టమర్లను తీసేసే పాలసీ అమలు చేస్తేనే వాళ్ల తప్పుకి నష్టపరిహారం కట్టకుండా ప్రొవైడర్‌కి రక్షణట. కస్టమర్ల పైరసీ విషయంలో కాక్స్ అనే ఇంటర్నెట్ ప్రొవైడర్ మీద సోనీ మ్యూజిక్ తదితరులు వేసిన కేసులో 2019లో వర్జీనియా జ్యూరీ 100 కోట్ల డాలర్లు కట్టమంది. 2024లో అప్పీల్ కోర్టు ఆ మొత్తాన్ని కొట్టేసిందనుకోండి. దొంగ మా వీధి రోడ్డు మీదుగా పారిపోతే రోడ్డేసినవాణ్ణి పట్టుకుంటారా అనిపిస్తుంది నాకైతే. కానీ ఆ భయంతో వాళ్లు నా కనెక్షన్ పీకేస్తే? నాది ఇంటినుంచి పని, పైగా ఓపీటీ (స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకి ఇచ్చే పని అనుమతి) మీద ఉన్నాను. ఒకటే టెన్షన్.

ఇలాంటి మెయిల్స్ వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఎన్నోదానికి కట్ చేశారు? జవాబు రాస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందా? కనెక్షన్ వాడి పేరుకి మార్పించేస్తే పాత ఫిర్యాదులు నన్ను వదులుతాయా?