నూరు పళ్ళేలా, నూరు మళ్ళా? ఒక జపాన్ గుహలో పేరు గురించి

జపాన్‌లో యమగుచి ప్రాంతంలో మినే అనే చిన్న నగరం ఉంది. అక్కడి అకియోషిదై అనే సున్నపురాతి పీఠభూమి కింద అకియోషిదో గుహ ఉంది. 1926 దాకా దాన్ని 'తకియన', అంటే జలపాతపు బిలం అనేవాళ్ళు, అప్పటి యువరాజు హిరోహితో వచ్చి ఇప్పటి పేరు పెట్టారు. ఈ గుహ మీద తెలుగులో వ్యాసం రాస్తూ లోపలి ఒక పేరు దగ్గర ఆగిపోయాను: 'హ్యకుమైజర'. హ్యకు నూరు, జర పళ్ళెం, మధ్యలో 'మై' అనేది కాగితాలు, పళ్ళేల్లాంటి పల్చటి వాటిని లెక్కపెట్టేటప్పుడు చేర్చే మాట, మనం మనుషులకి 'మంది' అన్నట్టు. కాబట్టి 'నూరు పళ్ళేలు' (నిజానికి అవి 500 పైనే).

కానీ ఫొటో చూస్తే నాకు పళ్ళేలు కనబడలేదు. వాలు మీద మెట్లుమెట్లుగా నీళ్ళ గుంటలు, ఒక్కోదానికి వంకరటింకర గట్టు, పైగుంట నిండి కిందిదాంట్లోకి జారుతున్న నీళ్ళు. ఇవి మళ్ళు కదా! అదే గుహలో ఇంకోచోటికి 'వెయ్యి మళ్ళు' అనే అర్థం వచ్చే పేరు వాళ్ళే పెట్టుకున్నారు. ఈ రకం గుంటలన్నిటికీ తెలుగులో 'రాతిమడి' అంటే ఎలా ఉంటుంది? ఉప్పుమడి అంటున్నాం కాబట్టి మడి ఒక్క వరికే అంకితం కాదు.

ఇది చదివిన మా చర్చాబృందంలో ఒక సభ్యుడు: బాగుందండీ, కానీ మడికి మడవ ఉంటుంది. నీళ్ళు మడవలోంచి పోవాలి గానీ గట్టు మీదుగా కాదు. గట్టు పొర్లితే గండి పడుతుంది.

నా జవాబు: సరిగ్గా పట్టుకున్నారండీ, అసలు తేడా అక్కడే ఉంది. సున్నం కరిగిన నీళ్ళు గట్టు మీద పల్చగా పొర్లేటప్పుడు అందులోని కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతుంది, దాంతో నీళ్ళు పట్టి ఉంచలేని సున్నం అంచునే పేరుకుంటుంది. మన పొలంలో పొర్లితే గట్టు తెగుతుంది, అక్కడ పొర్లిన కొద్దీ గట్టు పెరుగుతుంది. అయినా 'మడి' మాట వదలబుద్ధి కావడం లేదు. గట్టు, పొర్లడం, పైమడి, కిందిమడి, ఈ మాటలన్నీ దాని వెంటే వచ్చేస్తాయి, ఈ గుంటల ఇంగ్లీషు పేరు 'రిమ్‌స్టోన్ పూల్' అంటే ఒక్కటీ రాదు, ప్రతిదానికీ మళ్ళీ వివరణ రాసుకోవాలి.

ఇంకొకరు: బెలూం గుహల్లో లింగాల్లా కనబడే రాళ్ళని మనవాళ్ళు 'కోటిలింగాలు' అన్నారు. చూసినవాళ్ళకి ఏది దగ్గరైతే అదే పేరు. పళ్ళేలని మార్చకండి, అది వాళ్ళు చూసింది.

నా జవాబు: ఒప్పుకుంటున్నాను. పేరుగా 'నూరు పళ్ళేలు' అనే ఉంచుతాను, ఆ రకం గుంటకి మాత్రం రాతిమడి అని రాస్తాను. గట్టుకి వేరే మాట వెతకను.