చర్చ: 'దే షల్ నాట్ పాస్' బ్యాటిల్‌ఫీల్డ్ 1కు మేలు చేసిందా?

కాకినాడ మెడిక్:
బ్యాటిల్‌ఫీల్డ్ 1 అనే వీడియో గేముకు వచ్చిన నాలుగు డీఎల్‌సీల్లో (ఆట విడుదలయ్యాక విడిగా కొనుక్కునే అదనపు భాగాల్లో) ఏది మేలైనదన్న మాట ఇక్కడ ఎప్పుడు వచ్చినా సగంలోనే తెగిపోతోంది. అందుకే మొదటిదాన్ని పట్టుకుని తీరిగ్గా మాట్లాడుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. 2016 అక్టోబరులో ఆట విడుదలైనప్పుడు, మొదటి ప్రపంచ యుద్ధం మీద చేసిన ఆటలో ఫ్రెంచి సైన్యమే లేకపోవడం నాతో సహా చాలామందికి మింగుడుపడలేదు. 2017 మార్చిలో వచ్చిన 'దే షల్ నాట్ పాస్' ఆ లోటు తీర్చింది. వెర్డున్ హైట్స్, ఫోర్ట్ వో, స్వాసోన్, రప్చర్ అనే నాలుగు మ్యాపులు (యుద్ధరంగాలు), స్థావరాలు పట్టుకునే కాంక్వెస్ట్‌నూ, ఒక జట్టు దాడి చేస్తే మరో జట్టు కాపాడే రష్‌నూ కలిపి అల్లిన ఫ్రంట్‌లైన్స్ అనే ఆట పద్ధతి, సెయింట్ షామోన్ ట్యాంకు, గద పట్టుకుని మీదపడే ట్రెంచ్ రైడర్ అందులోనే వచ్చాయి.

వీటన్నిటిలో నాకు ఫోర్ట్ వో ఒక్కటే ఒక ఎత్తు. ఆ మ్యాపులో చాలా భాగం నేల కింది నడవాలే. మూల తిరిగితే ఎదురుగా గ్యాసు కమ్ముకుని ఉంటుంది, మాస్కు తగిలించుకుంటే తుపాకీ కంటికి ఆనించి గురి చూడటానికి వీలుండదు, గాయపడ్డవాళ్లను లేపే మెడిక్‌గా, పడిపోయిన తోటివాడి దగ్గరికి సిరంజి పట్టుకుని పాకుతుంటే గోడ అవతల అడుగుల చప్పుడు వినిపిస్తుంది కానీ అది మనవాళ్లదో పగవాళ్లదో తెలియదు. 1916 జూన్ మొదటి వారంలో ఆ కోటను కాపాడిన ఫ్రెంచి అధికారి మేజర్ రేనాల్, ఆయన సైనికులు అలాంటి నడవాల్లోనే పోరాడారు. తొట్టిలో నీళ్లు అడుగంటాక గోడలకు పట్టిన చెమ్మను నాకి, కోటలో మిగిలిన చివరి పావురాన్ని సాయం కోసం పంపి, చివరికి జూన్ 7న దాహానికి లొంగిపోయారు. ఈ సంగతులన్నీ నేను ఆ మ్యాపు ఆడాకే వెతుక్కుని చదివాను. ఒక ఆట ఇంతకంటే ఏం చేయాలి?

వరంగల్ గన్నర్:
మెడిక్ గారూ, ఫోర్ట్ వో గురించి మీరు రాసిన చరిత్రలో తప్పేమీ లేదు. కానీ అదే డీఎల్‌సీ చరిత్రకు చేసిన అన్యాయాన్ని మీరు వదిలేశారు. స్వాసోన్ మ్యాపులో ఓడిపోతున్న జట్టుకు సాయంగా వచ్చే షార్ 2సీ అనే ట్యాంకు ఆ యుద్ధంలో ఒక్క గుండు కూడా పేల్చలేదు. యుద్ధం 1918 నవంబరు 11న ముగిసింది, ఆ ట్యాంకులు సైన్యం చేతికి అందింది 1921లో. దాదాపు 70 టన్నుల బరువుతో మొత్తం తయారైనవే పది. తయారు కూడా కాని యంత్రాన్ని 1918 నాటి పొలాల్లో నడిపించి, దాన్ని ఫ్రెంచి సైన్యం లోటు తీర్చడం అంటే నేను ఒప్పుకోను.

బందరు స్కౌట్:
రప్చర్ మ్యాపులో ఎర్రటి గసగసాల పూల మధ్య తుప్పుపట్టి పడున్న ట్యాంకును చూసినప్పుడు నాకు కలిగిన భావం ఇంకే యుద్ధపు ఆటలోనూ కలగలేదు. నా ఓటు ఈ డీఎల్‌సీకే.

కాకినాడ మెడిక్:
గన్నర్ గారూ, ఓడిపోతున్న జట్టుకు బెహెమత్ అనే భారీ యుద్ధయంత్రం ఇవ్వడం ఆట నియమం. మిగతా మ్యాపుల్లో సాయుధ రైలు, ఎగిరే జెప్లిన్ ఉన్నట్టే ఇక్కడ ఒక పెద్ద ట్యాంకు కావలసివచ్చింది. 1917లోనే ఆ ట్యాంకు నమూనా గీశారు, యుద్ధం 1919 దాకా సాగి ఉంటే అది రంగంలోకి దిగేదే. ఒక్క యంత్రం కోసం నాలుగు మ్యాపుల పనితనాన్ని కొట్టిపారేయడం న్యాయం కాదు.

వరంగల్ గన్నర్:
ఒక్క యంత్రమే అయితే నేనూ ఊరుకునేవాణ్ని. వెర్డున్ పోరు 1916 ఫిబ్రవరి 21న మొదలై డిసెంబరులో ముగిసింది. వెర్డున్ హైట్స్ మ్యాపులో మీ మెడిక్‌లందరూ భుజానికి ఎత్తుకునే ఆర్ఎస్‌సీ 1917 తుపాకీ పేరులోనే దాని సంవత్సరం రాసి ఉంది. ఇక షోషా మెషిన్‌గన్ మ్యాగజైను పక్క తెరిచి ఉండటం వల్ల అందులోకి బురద చేరి మాటిమాటికీ మొరాయించేదని ఆనాటి సైనికులు తిట్టుకున్నారు. ఆటలో అది ఎంత బురదలో పొర్లినా ఒక్కసారి కూడా ఇరుక్కోదు. బురదే ఆ యుద్ధం. బురదను తీసేసి యుద్ధాన్ని అమ్మారు.

కాకినాడ మెడిక్:
ఆర్ఎస్‌సీతో ఆడిచూడండి, రెండు గుళ్లకే మనిషి పడిపోతాడు కానీ మ్యాగజైనులో ఉండేవి ఆరే. ముగ్గురు ఎదురైతే ఒక్కటి గురి తప్పినా మన పని అయిపోయినట్టే. అలాంటి తుపాకీ ఇచ్చే బిగువు ముందు సంవత్సరం తేడా పెద్ద విషయం కాదని నేను నమ్ముతున్నాను. మాటిమాటికీ మొరాయించే తుపాకీని ఆటలో పెడితే దాన్ని ఎవరూ ముట్టుకోరు కూడా.

పాలమూరు సప్లై:
పెద్దలిద్దరూ ట్యాంకు పుట్టిన సంవత్సరం దగ్గరే ఆగిపోయారు కానీ, ఈ డీఎల్‌సీ మేలు చేసిందా అన్న ప్రశ్నకు జవాబు మ్యాపుల్లో లేదు, సర్వర్ల జాబితాలో ఉంది. అప్పట్లో ఒక్కో డీఎల్‌సీ 15 డాలర్లు, నాలుగూ కలిపిన ప్రీమియం పాస్ 50 డాలర్లు, అంటే అప్పటి లెక్కన 3,000 రూపాయలకు పైనే. అప్పటికే ఆట కొన్నవాళ్లు మళ్లీ అంత పెట్టాల్సి వచ్చింది. పెట్టినవాళ్లు ఒక పక్క, పెట్టలేనివాళ్లు ఒక పక్క అయ్యారు. కాంక్వెస్ట్ నిండాలంటే 64 మంది కావాలి. ఐరోపాలో ఇలా రెండుగా చీలినా రెండు పక్కలా మనుషులు మిగులుతారు, మనకు పింగ్ (సర్వరుకు వెళ్లి తిరిగొచ్చే ఆలస్యం) సరిపడే సర్వర్లలో అంతమంది ఎక్కడినుంచి వస్తారు? అక్కడ కొత్త మ్యాపులు కొద్ది నెలలకే బోసిపోవడం నేను కళ్లారా చూశాను.

కాకినాడ మెడిక్:
ఆ మాట నిజమే కానీ, డబ్బు పెట్టినవాళ్ల వల్లనే అలాంటి మ్యాపులు తయారయ్యాయన్నదీ నిజమే. నేను నా మొదటి జీతంలోంచి ప్రీమియం కొన్నాను. ఇష్టం ఉన్నవాళ్లు ఎలాగో ఒకలా కొనుక్కున్నారు, కొననివాళ్లే ఇప్పుడు తుపాకీల సంవత్సరాలు లెక్కపెడుతున్నారు. గన్నర్ గారిని సూటిగా అడుగుతున్నాను, స్వాసోన్‌లో మీరు ఎన్ని గంటలు ఆడారు?

వరంగల్ గన్నర్:
2017లో ఒక్క గంట కూడా ఆడలేదు. మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను, ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు నేను హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. మా స్క్వాడ్‌లో (కలిసి ఆడే చిన్న బృందంలో) నలుగురం రోజూ రాత్రి పదింటికి కలిసేవాళ్లం. ప్రీమియం ఉన్నవాళ్లకు డీఎల్‌సీ రెండు వారాల ముందే, మార్చి 14న తెరుచుకుంది. ఆ రాత్రి మిగతా ముగ్గురూ వెర్డున్‌కు వెళ్లారు. నేను హెడ్‌సెట్ పెట్టుకుని వాళ్లు కొండ ఎక్కుతుంటే వింటూ కూర్చున్నాను. 'అడవి తగలబడుతోంది, చూడండి చూడండి' అని ఒకరు అరిచారు. నా తెర మీద మాత్రం మెనూ తప్ప ఏమీ లేదు. రెండు నెలలు మెస్‌లో టిఫిన్ మానేసి డబ్బు కూడబెట్టి, ఆన్‌లైన్‌లో కోడ్లు అమ్మే ఒక మనిషి దగ్గర ప్రీమియం కోడ్ కొంటే అది అప్పటికే ఎవరో వాడేసినదని తేలింది. డబ్బూ తిరిగి రాలేదు. 2018లో డీఎల్‌సీలన్నీ కొద్ది రోజులపాటు ఉచితంగా ఇచ్చినప్పుడు తీసుకుని ఫోర్ట్ వో తెరిచాను, అప్పటికి మా స్క్వాడ్ లేదు. ఆ ఖాళీలోనే కూర్చుని షార్ 2సీ గురించీ ఆర్ఎస్‌సీ గురించీ చదివాను. లెక్కలు తప్పని మీరు ఇంకా చూపించలేదు.

ఆ స్క్వాడ్‌లో మెడిక్ మీరే, అన్నా. అప్పుడు నా ఐడీ వేరు.

బందరు స్కౌట్:
చదివి నోట మాట రాలేదు.

కాకినాడ మెడిక్:
తమ్ముడూ, నువ్వేనని నాకు నిజంగా తెలియదు. పరీక్షలని చెప్పి రావడం మానేశావు, నేను అదే నమ్మాను. కొననివాళ్లని పై పోస్టులో నేను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, అది అనవలసింది కాదు.

అయినా ఒక సంగతి చెప్పాలి. ప్రీమియం ఉన్నవాడితో పార్టీలో చేరితే, కొననివాళ్లు కూడా కొత్త మ్యాపులు ఆడే ఏర్పాటు 2017లోనే వచ్చింది. ఎక్స్‌పీ (ఆడినందుకు వచ్చే పాయింట్లు) రాదు, కొత్త తుపాకులు అందవు కానీ మ్యాపు ఆడవచ్చు. ఒక్క మాట చెప్పి ఉంటే నిన్ను తీసుకెళ్లేవాణ్ని.

వరంగల్ గన్నర్:
ఆ ఏర్పాటు వచ్చింది మార్చిలో కాదు, కొన్ని నెలలు పోయాక. వచ్చినప్పుడు మీరు ముగ్గురూ నాకు ఒక్క మెసేజ్ పెట్టలేదు. పిలవవలసింది లోపల ఉన్నవాళ్లు, బయట నిలబడ్డవాడు కాదు. పైగా ఎక్స్‌పీ రాకుండా, వాళ్ల తుపాకీ ముట్టుకోకుండా ఆడమనడం పెళ్లికి పిలిచి పంక్తికి దూరంగా కూర్చోబెట్టడం లాంటిది. నేను అలా ఆడేవాణ్ని కాదు.

పాలమూరు సప్లై:
నేను మొదట అన్నది ఇదే. దీని తర్వాత 2018లో వచ్చిన బ్యాటిల్‌ఫీల్డ్ 5లో ప్రీమియం పాస్ ఎత్తేసి కొత్త మ్యాపులన్నీ అందరికీ ఇచ్చారు. ఆ పద్ధతి ముందే వచ్చి ఉంటే మీ స్క్వాడ్ నిలిచేది.

కాకినాడ మెడిక్:
నిలిచేదేమో. కానీ బ్యాటిల్‌ఫీల్డ్ 5కు ఉచితంగా వచ్చిన మ్యాపులు ఒక్కొక్కటిగా, ఆలస్యంగా వచ్చాయి, 2020 వేసవికల్లా కొత్తవి రావడమే ఆగిపోయింది. వాటిలో ఫోర్ట్ వో లాంటిది నాకు ఒక్కటీ కనబడలేదు. ముందే డబ్బు చేతికొచ్చిన పనికీ, వస్తుందో రాదో తెలియని పనికీ తేడా ఉంటుంది. తమ్ముడికి జరిగినదానికి నాకు బాధగా ఉంది, అయినా ఈ మాట మార్చుకోలేను.

వరంగల్ గన్నర్:
మార్చుకోమని నేను అడగడం లేదు. షార్ 2సీ విషయంలో నేనూ మార్చుకోను. నేను మొదటి నుంచీ అడగాలనుకున్నది ఒకటుంది. ఆ రాత్రి మీరు వెర్డున్‌లో దిగినప్పుడు స్క్వాడ్‌లో నా నాలుగో స్థానంలో ఎవరున్నారు?

కాకినాడ మెడిక్:
ఎవరో తెలియని ఆటగాడు, సర్వరే కలిపింది. మొదటి కందకం దాటకముందే వెళ్లిపోయాడు. ఆ తర్వాత ముగ్గురమే ఆడాం.