కొరెల్లా అంటే ఏ పక్షి? అడిలైడ్‌కు కొత్తగా వచ్చిన కుటుంబం ప్రశ్న

ప్రశ్న:

అందరికీ నమస్కారం. మేము ఈమధ్యనే హైదరాబాదు నుండి ఆస్ట్రేలియాలోని అడిలైడ్ దక్షిణ శివారుకు వచ్చాము. ఇంటి ఎదుటి మైదానంలో సాయంత్రం పూట వందలకొద్దీ తెల్లని పక్షులు వాలుతున్నాయి. పొరుగువారు వాటిని కొరెల్లాలు అంటున్నారు, ఇంటి యజమాని కాకీలు అంటున్నారు, అబ్బాయి బడిలో తెల్ల కాకటూ అని చెప్పారట. ఇవన్నీ ఒకే పక్షి పేర్లేనా? పిల్లలు వాటికి రొట్టె వేస్తామని ముచ్చటపడుతున్నారు, వేయనివ్వవచ్చా?

మొదటి జవాబు, అడిలైడ్ నుండి:

నమస్కారమండీ, మీ కుటుంబానికి స్వాగతం. మీరు విన్న మూడు పేర్లలో ఏదీ తప్పు కాదు, కాని ఒక్కొక్కటి చెప్పే పరిధి వేరు. కాకటూ అన్నది తల మీద తురాయి ఉండే చిలుకల కుటుంబం మొత్తానికి చెందిన పేరు. మలయ్ భాషలోని కకతువా డచ్చివారి నోట మారి ఇంగ్లీషులో కాకటూ అయింది, తెలుగులో మనం కాకతువా అంటున్నాము. కాకీ అన్నది ఆ మాటకే పొట్టి రూపం, మన కాకితో దానికి ఏ సంబంధమూ లేదు. ఇక్కడి పల్లెల్లో చిన్న రైతును కూడా కాకీ అంటారు కాబట్టి, ఎవరైనా "కౌ కాకీ" అంటే పాడి రైతు గురించి చెబుతున్నారని గ్రహించండి.

కొరెల్లా మాత్రం ఈ నేలలోనే పుట్టిన మాట. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం నడిబొడ్డున నివసించే విరాజురి ప్రజల భాషలోని "గరిల" అనే పదం నుండి అది ఇంగ్లీషులోకి వచ్చి, ఇప్పుడు దేశమంతటా వాడుకలో ఉంది. ఇక్కడ స్థిరపడే మన పిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పాలని నా అభిప్రాయం, ఎందుకంటే ఈ దేశపు మూలవాసుల భాషలు మనం రోజూ పలికే మాటల్లో ఉన్నాయని తెలిసేది ఇలాంటి పేర్ల వల్లనే.

వాడుకలో కొరెల్లా అంటే ఒకే పక్షి కాదు, తెల్ల కాకతువాలలో పొట్టి తురాయి, లేత రంగు ముక్కు ఉన్న చిన్న జాతులన్నిటికీ కలిపి పెట్టిన పేరు. ఒంటి మీద తెల్లదనం చూసి మోసపోకుండా మొదట ముక్కును చూడండి. ముక్కు నల్లగా ఉండి, తల మీద పొడవాటి పసుపుపచ్చ తురాయి విసనకర్రలా విచ్చుకుంటే అది సల్ఫర్ క్రెస్టెడ్ కాకటూ, దాన్ని ఎవరూ కొరెల్లా అనరు. ముక్కు ఎముక రంగులో ఉండి, కంటి చుట్టూ ఈకలు లేని నీలిబూడిద చర్మం కనిపిస్తే అది కొరెల్లా. మీ మైదానంలో వాలుతున్నవి చాలా మటుకు లిటిల్ కొరెల్లాలే అయి ఉండాలి. కంటికీ ముక్కుకూ నడుమ లేత ఎరుపు మరక ఉంటుంది, 1843లో జాన్ గౌల్డ్ దీనికి పెట్టిన శాస్త్రీయ నామంలోని సాంగ్వినియా, అంటే రక్తవర్ణం, ఆ మరకను ఉద్దేశించినదే. అదే గుంపులో పైముక్కు బాగా పొడవుగా సాగి, గొంతు మీద నారింజ కలిసిన ఎర్రని చార ఉన్న పక్షి కనబడితే అది లాంగ్ బిల్డ్ కొరెల్లా. పక్కనున్న విక్టోరియా రాష్ట్రపు పశ్చిమ భాగం, మన సౌత్ ఆస్ట్రేలియా రాష్ట్రపు ఆగ్నేయ మూల దాని సొంత ప్రాంతాలు. ఆ ముక్కును గునపంలా మట్టిలోకి దించి గడ్డి దుంపను పెకలించి, కాలితో పట్టుకొని పొట్టు వలిచి తినడం దగ్గర నుండి చూస్తే, అంత ముక్కు దేనికో వెంటనే అర్థమవుతుంది.

రొట్టె మాత్రం వేయనివ్వకండి. అది వాటికి సరిపడే తిండి కాదు, పైగా ఒకే చోట గుంపుగా తినడం వల్ల ముక్కునూ ఈకలనూ పాడుచేసే వైరస్ వ్యాధి ఒకదాని నుండి ఇంకొకదానికి సోకుతుంది. మేత అలవాటైన గుంపు ఆ వీధిని వదలదు. చెట్ల రెమ్మలను తుంచిపోస్తుంది, కిటికీల చెక్కనూ తీగలనూ కొరుకుతుంది, అప్పుడు ఇరుగుపొరుగుతో మాట పడవలసి వచ్చేది మీరే. అలాగని వాటిని తరిమే ప్రయత్నాలు సొంతంగా చేయవద్దు. ఏ పక్షికి ఎంత రక్షణ అన్నది రాష్ట్రాన్ని బట్టి, జాతిని బట్టి మారుతుంది కాబట్టి ఇబ్బంది ఎక్కువైతే మీ కౌన్సిల్‌కు, అంటే స్థానిక పురపాలక సంస్థకు, వ్రాయండి. వ్రాసేటప్పుడు తెల్ల కాకటూలు అని ఊరుకోకుండా, ముక్కు రంగు, తురాయి రంగు, అవి వచ్చే వేళ, గుంపు ఎంత పెద్దదో తెలపండి, వీలైతే ఒక ఫోటో జతచేయండి.

రెండవ జవాబు, పెర్త్ నుండి:

పైవారు చెప్పినదానికి ఒక్క విషయం చేరుస్తాను, ఎందుకంటే ఉద్యోగరీత్యా అడిలైడ్ నుండి ఇటు మారే మనవారు చాలామంది ఉన్నారు. మా వెస్టర్న్ ఆస్ట్రేలియా రాష్ట్రపు నైరుతి మూలలో వెస్టర్న్ కొరెల్లా అనే మరో జాతి ఉంది, అది ఈ ప్రాంతానికే చెందిన పక్షి. పెర్త్ నగరంలో ఎక్కువగా కనిపించే లిటిల్ కొరెల్లాలూ లాంగ్ బిల్డ్ కొరెల్లాలూ మాత్రం పంజరాల నుండి తప్పించుకున్నవో, వదిలేసినవో ఇక్కడ పెరిగి స్థిరపడినవి. వాటిని బెడదగా పరిగణించి అదుపు చేస్తారు, స్థానిక జాతిని కాపాడతారు. అందువల్ల ఇక్కడ ఫిర్యాదు చేసేటప్పుడు కొరెల్లా అన్న ఒక్క మాట చాలదు; ఏ కొరెల్లా అన్నది స్పష్టంగా చెప్పాలి, పోల్చుకోలేకపోతే ఆ సంగతే వ్రాసి ఫోటో పంపడం మేలు.