మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా సైట్‌లో పని ఆపించాలా? మద్రాసు తెలుగువాళ్లు చెప్పండి

వేళచ్చేరి వాసి:
మా వీధి చివర ఐదంతస్తుల బిల్డింగ్ లేస్తోంది. నిన్న ఒంటిగంటకు స్లాబ్ మీద ఓ కుర్రాడు ఇనుప చువ్వ పట్టుకుని చటుక్కున వదిలేశాడు. లుంగీ పీలిక చేతికి చుట్టుకుని మళ్లీ పట్టుకున్నాడు. అడిగితే శ్రీకాకుళం అన్నాడు. ఆ మూడు గంటలూ పని ఆపాలని చట్టమే తేవాలి.

పల్నాటి పెదనాన్న:
మద్రాసులో 38 దాటితే పేపర్లో ఫొటో వేస్తారు. మా రెంటచింతలలో 45లో పునాదులు తవ్వాం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు గానీ, పగిలాయని ఎవరూ మూడు గంటలు పడుకోలేదు.

సముద్రగాలి:
పెదనాన్నా, ఒట్టి డిగ్రీలు చూస్తే ఎలా? ఇక్కడి ఉక్కపోతలో చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. వాతావరణ శాఖ కూడా వడగాలి లెక్కకు మైదానాల్లో 40, తీరంలో 37 నుంచి చూస్తుంది. 2024 అక్టోబరు 6న మెరీనాలో విమానాల విన్యాసాలు చూడబోయి ఐదుగురు పోయారు. అప్పుడు ఏ రోహిణి కార్తె ఉంది?

పల్నాటి పెదనాన్న:
అక్కడ జనం కిక్కిరిశారు, తాగడానికి నీళ్లు దొరకలేదు. 2003 మే 31న నుంగంబాక్కంలో 45 కొట్టినప్పుడు నేను ఇక్కడే ఉన్నాను. ఏం కాలేదు.

కోడంబాక్కం కుర్రాడు:
మీకేం కాలేదు సరే. మిగతావాళ్ల సంగతి?

తాపీ మేస్త్రి:
నా కింద పద్నాలుగు మంది. పోయిన మేలో సెంట్రింగ్ కొట్టే కుర్రాడు ఒకడు తిక్కతిక్కగా మాట్లాడాడు. తాగొచ్చాడనుకుని బూతులు తిట్టాను. ముట్టుకుంటే ఒళ్లు పెనంలా ఉంది. డ్రమ్ములో నీళ్లన్నీ వాడి మీద కుమ్మరించాం. బతికాడు.
మర్నాటి నుంచి పొద్దున ఐదున్నరకే పని మొదలెట్టి మధ్యాహ్నం ఆపేశాను. మూడో రోజు పోలీసులొచ్చారు. మిషన్ మోతకు నిద్ర పట్టట్లేదని పక్క అపార్ట్‌మెంట్ వాళ్లు ఫిర్యాదు చేశారట.

నర్సమ్మ:
ఎండలో పనిచేసేవాడి మాట తడబడితే ముందు వడదెబ్బే అనుకోండి. నీడకు చేర్చి, తడిపి, విసురుతూ 108కి ఫోన్ చెయ్యండి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్లు పొయ్యొద్దు. ఇక మీరు కొట్టుకోండి.

వేళచ్చేరి వాసి:
ఐదున్నరకు మోత అంటే ఎలాగండీ, ఇళ్లలో పసిపిల్లలుంటారు. నేనూ ఒకసారి ఫిర్యాదు చేశాను. దానికీ దీనికీ సంబంధం లేదు.

తాపీ మేస్త్రి:
సంబంధం లేదా సార్? మధ్యాహ్నం చేస్తే మీకు జాలి, పొద్దున చేస్తే మీకు నిద్ర. మరి వాడు ఎప్పుడు చెయ్యాలి?

వేళచ్చేరి వాసి:
కూలి తగ్గించకుండా ఐదు గంటలే చేయించండి. బిల్డర్ దగ్గర డబ్బు లేదా?

తాపీ మేస్త్రి:
బిల్డర్ నాకు చదరపు అడుగు లెక్కన ఇస్తాడు. రోజు కూలి నా జేబులోంచి. ఆ మూడు గంటలు ఎవరి ఖాతా? ఫ్లాట్ కొనేటప్పుడు మీరు అడుగుకు ఎంత ఎక్కువిస్తారో చెప్పండి, రేపే ఆపుతా.

సముద్రగాలి:
2024లో తమిళనాడు వడగాలిని రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది కదా. ఎండకు పోతే కుటుంబానికి 4 లక్షలు.

తాపీ మేస్త్రి:
పోతే కదా బాబూ. నేనడిగేది బతికున్నవాడి కూలి.

కోడంబాక్కం కుర్రాడు:
🙏

వేళచ్చేరి వాసి:
కోపం ఎందుకండీ. మోత లేని పని ఏదైనా ఉంటే ఆరింటికి మొదలెట్టుకోండి. అసోసియేషన్ మీటింగ్‌లో అడుగుతా. మా సెక్రటరీ ఒప్పుకోడేమో.

తాపీ మేస్త్రి:
చువ్వలు కట్టుకోవచ్చు, చప్పుడు తక్కువ. మిషన్ తొమ్మిది తర్వాత పెడతా. కాగితం మీద రాసివ్వండి, పోలీసులకు చూపిస్తా. రేపు మాత్రం స్లాబ్ ఉంది. కాంక్రీట్ సగంలో ఆపితే అతుకు పడి కారుతుంది, రేపు 12కి ఆపమనకండి.

పల్నాటి పెదనాన్న:
రెంటచింతలలో స్లాబులు రాత్రిపూట వేసేవాళ్లం.

వేళచ్చేరి వాసి:
రాత్రా!