బర్క్లీలో రేషనలిస్టుల మీటప్‌కి వెళ్ళొచ్చా?

ప్రశ్న (బర్క్లీ, మాస్టర్స్ మొదటి సెమిస్టర్):

అందరికీ నమస్కారం. ఆగస్టులో అమెరికా వచ్చాను. మా ల్యాబ్‌లో ఒకతను రేషనలిస్టుల మీటప్ అని తీసుకెళ్ళాడు. మన హేతువాద సంఘం లాంటిదేమో, దేవుడున్నాడా లేడా అని వాదించుకుంటారు కాబోలు అనుకుని వెళ్ళా. దేవుడి ఊసే లేదు. ఏఐ వల్ల మనుషులు మిగులుతారా లేదా అని శాతాల్లో మాట్లాడుకుంటున్నారు. పెరుగన్నం కడుపుకి చలవ అని మాటవరసకి అన్నాను. "ఎంత శాతం నమ్మకం?" అని అడిగారు. మనుషులు మాత్రం మంచివాళ్ళే. వాళ్ళంతా కలిసి ఉండే ఇంట్లో ఒక రూమ్ ఖాళీ అయిందట, రమ్మంటున్నారు. వెళ్ళొచ్చా?

జవాబు (ఫ్రీమాంట్ నుంచి):

తమ్ముడూ, మీటప్‌కి వెళ్ళు. రూమ్ దగ్గర మాత్రం కాస్త ఆగు.

నేను వాళ్ళ మనిషిని కాదు. ఆరేళ్ళుగా అప్పుడప్పుడూ పోయి, వాళ్ళ చిప్స్ తిని, వాదించి, ఆఖరి బార్ట్ రైలు పట్టుకుని ఇంటికొచ్చే రకం. మొదటిసారి వెళ్ళినప్పుడు "ఏడింటికల్లా వచ్చేస్తా" అని మెసేజ్ పెట్టాను. "ఎంత శాతం?" అని జవాబొచ్చింది. 90 అన్నాను. ఏడూ నలభైకి చేరాను. ఎవరూ ఏమీ అనలేదు, ఒకావిడ మాత్రం చిన్న నోట్‌బుక్ చేతిలో పెట్టి "రాసుకుంటూ ఉండు" అంది. 90 శాతం అని నువ్వు చెప్పిన మాటలు పది ఉంటే తొమ్మిది నిజం కావాలి, అదీ లెక్క. రెండు నెలలు రాశాను. ఇరవై మాటల్లో పదమూడే నిజమయ్యాయి. తప్పిన ఏడింటిలో నాలుగు మా ఆయన గురించి చెప్పినవే! ఆ నోట్‌బుక్ ఇప్పటికీ నా బ్యాగులో ఉంది.

ఇంకొకటి చూశాను. ఓ కుర్రాడు గంటసేపు గట్టిగా వాదించి, ఎదుటివాడు ఏదో చూపించగానే "అవును, నేను పొరబడ్డాను" అని లేచి టీ పెట్టుకోవడానికి వెళ్ళాడు. మొహం చిన్నబుచ్చుకోలేదు. మన పాట్‌లక్‌లలో ఇళ్ళ ధరల గురించి మాట్లాడేటప్పుడు ఈ మాట ఎప్పుడైనా విన్నావా? వీళ్ళంతా చేరింది 2009లో ఎలియేజర్ యుడ్‌కోవ్‌స్కీ మొదలుపెట్టిన లెస్‌రాంగ్ అనే సైటు చుట్టూ. ఆ పేరుకి అర్థం ఒప్పు అని కాదు, తక్కువ తప్పు అని. ఆ వినయం నాకు నచ్చుతుంది.

ఆ వినయం అన్ని చోట్లా ఉండదు, అదీ గొడవ. నోటికొచ్చిన అంకెకి శాతం తగిలిస్తే అది లెక్క అయిపోయిందనుకుంటారు. "37 శాతం" అంటాడొకడు, 30 ఎందుకు కాదు అంటే చెప్పలేడు. పైగా సరిగ్గా ఆలోచించడం అనేది తమతోనే మొదలైనట్టు మాట్లాడతారు.

నువ్వు హేతువాదం అన్నావు కాబట్టి చెప్తున్నా. మన గోరా గారు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో విజయవాడకి మార్చారు. గ్రహణం వేళ గర్భిణులను బయటికి రమ్మన్నారు, నిప్పుల మీద నడిచి చూపించారు, అన్ని కులాలవాళ్ళనీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి అన్నం పెట్టారు. కొడుకు లవణం గారు గుర్రం జాషువా గారి అమ్మాయి హేమలతను పెళ్ళి చేసుకున్నారు. అక్కడ హేతువు పంక్తి దాకా, పెళ్ళిపీటల దాకా వెళ్ళింది. ఇక్కడ ఎక్కువగా వైట్‌బోర్డు దగ్గరే ఆగుతుంది. ఇదే సంగతి అక్కడ చెప్తే శ్రద్ధగా విన్నారు. తర్వాత ఒకతను "ఆ భోజనాల ప్రభావాన్ని ఎలా కొలిచారు?" అన్నాడు. కోపమొచ్చింది, నవ్వూ వచ్చింది. నిజానికి చెడ్డ ప్రశ్నేం కాదు.

డబ్బుని లెక్కగా దానం చేసే ఎఫెక్టివ్ ఆల్ట్రూయిస్టులు కూడా అక్కడ తగులుతారు. దోమతెరలకి ఎంత ఖర్చు పెడితే ఒక ప్రాణం నిలుస్తుందో లెక్కేస్తారు. దోమలో మలేరియా పరాన్నజీవిని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897లో మన సికింద్రాబాద్‌లోనే అని చెప్పు, సంబరపడతారు. కానీ ఈ లెక్కలన్నీ వేసేవాళ్ళే క్రిప్టో వ్యాపారి శామ్ బ్యాంక్‌మన్-ఫ్రీడ్‌ని నెత్తిన పెట్టుకున్నారు. 2022 నవంబర్‌లో అతని క్రిప్టో ఎక్స్ఛేంజ్ ఎఫ్‌టీఎక్స్ కూలింది, మోసం కేసులో 2024లో అతనికి 25 ఏళ్ళ జైలు పడింది. వందేళ్ళ తర్వాత వచ్చే ప్రమాదానికి శాతం కట్టగలిగారు, పక్కన కూర్చున్న మనిషిని పోల్చుకోలేకపోయారు. మా అమ్మమ్మ అయితే అతని మాట తీరు చూసి చీటీలో కూడా చేర్చుకునేది కాదు. (ఇది 90 శాతం కాదు, 60 వేసుకో.)

ఇక రూమ్ సంగతి. ఆ ఇళ్ళలో అద్దె, స్నేహాలు, ఉద్యోగాలు, ప్రేమలు అన్నీ ఆ పాతికమందిలోనే తిరుగుతాయి. ఒకరితో మాట తేడా వస్తే అన్నీ ఒకేసారి పోతాయి. ఊరికి కొత్తవాడివి, అంత బరువు ఒకే దూలం మీద పెట్టకు. ఇంకోటి: "మా ప్రాజెక్టులో చెయ్యి, స్టైపెండ్ ఇస్తాం" అంటే వెంటనే సరే అనకు. నీది ఎఫ్-1 (స్టూడెంట్) వీసా అయితే క్యాంపస్ బయట పనికి ముందే అనుమతి ఉండాలి. యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగి కాగితం చేతిలో పడ్డాకే. వాళ్ళు మోసగాళ్ళని కాదు, వీసా సంగతి వాళ్ళకి తట్టదంతే.

తిండికి భయం లేదు, శాకాహారులు బోలెడుమంది. డిసెంబర్‌లో అందరూ చేరి, ఒక్కో దీపం తగ్గించుకుంటూ చీకట్లో పాటలు పాడతారు, అది చూడు. కార్తీక మాసం గుర్తొచ్చింది నాకు. ఆ మాట పైకి అనలేదు.

మరో జవాబు (సన్నీవేల్ నుంచి):

అక్క చెప్పినదానికి ఒక్కటి కలుపుతా. అక్కడ పెద్దవాళ్ళు కనపడరు. పిల్లలూ తక్కువే. అరవై దాటినవాళ్ళతో కూడా వారానికోసారి మాట్లాడే చోటు ఒకటి పెట్టుకో బాబూ, గుడి అయినా లైబ్రరీ అయినా.

ప్రశ్న అడిగినవారు:

థాంక్స్ అక్కా, అండీ. రూమ్ వద్దని చెప్పేశా. శుక్రవారం మీటప్‌కి మాత్రం వెళ్తున్నా. ఇక్కడ రైస్ కుక్కర్ ఎక్కడ చవక?

ఫ్రీమాంట్:

కొనకు, మా గరాజ్‌లో ఒకటి ఖాళీగా ఉంది. ఆదివారం భోజనానికి రా, పట్టుకెళ్ళు. ఒంటిగంటకి.

ప్రశ్న అడిగినవారు:

తప్పకుండా అక్కా. ఒంటిగంటకి అంటే 70 శాతం.