సొంత పోలోతో మొదటిసారి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి: బండికి ఏం చేయించాలి, ఎలా నడపాలి?

బెజవాడ టీఎస్ఐ

అన్నలూ, అక్కలూ, నమస్కారం. వచ్చే నెల చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో, అదే మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో, ట్రాక్ డేకి (సొంత బండిని రేస్ ట్రాక్ మీద నడిపే రోజు) డబ్బు కట్టేశాను. రోజంతా కలిపి 15 నిమిషాల సెషన్లు నాలుగు. ట్రాక్ ఎక్కడం ఇదే మొదలు.

బండి 2021 పోలో 1.0 టీఎస్ఐ, ఆరు గేర్ల మాన్యువల్, 38 వేలు తిరిగింది. ఇంజిన్‌లో ఏ మార్పూ లేదు. టైర్లు 195/55 ఆర్16, వేయించి ఏడాది. ముందు బ్రేక్ ప్యాడ్లు సగం పైనే ఉన్నాయని సర్వీసులో చెప్పారు. బ్రేక్ ఆయిల్ మాత్రం బండి కొన్నప్పటిదే. విజయవాడ నుంచి ఈ బండిలోనే వెళ్లి, ఇందులోనే తిరిగి రావాలి.

రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి పవర్ పెంచడం), ఎయిర్ ఫిల్టర్ లాంటివి ముందే చేయించుకోవాలా? ప్యాడ్లు మార్చాలా? టైర్లలో గాలి ఎంత ఉండాలి? బండికి ఏదైనా అయితే ఇన్సూరెన్స్ వస్తుందా? మొదటి సెషన్ ఎలా నడపాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

డిస్కు డ్రమ్ము

తమ్ముడూ, రీమ్యాప్ సంగతి మర్చిపో. ముందు బ్రేక్ ఆయిల్ మార్పించు. నువ్వు రాసినదాంట్లో కంగారు పెట్టే మాట అదొక్కటే.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. అందులో నీరు 3.7 శాతానికి చేరితే ఆ హద్దు 155కి పడిపోతుంది. బందరు రోడ్డు మీద తిరిగే బండికి 155 చాలు, ట్రాక్ మీద చాలదు. లెక్క చూడు. నువ్వు కూర్చున్నాక పోలో బరువు సుమారు 1,200 కిలోలు. 160 నుంచి 70కి ఒక్కసారి బ్రేక్ కొడితే పుట్టే వేడితో దాదాపు మూడు లీటర్ల కుళాయి నీళ్లు మరిగే దాకా వస్తాయి. అది ఒక్క మలుపుకి. ఆ ట్రాక్ పొడవు 3.7 కిలోమీటర్లు, మలుపులు 12. అన్నిటికీ అంత గట్టిగా బ్రేక్ అక్కర్లేదు గానీ, డిస్కు చల్లారేలోపే మళ్లీ తొక్కాల్సి వస్తుంది. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిల్‌ని ఎంత నొక్కినా కుదించుకుపోదు, ఆవిరి కుదించుకుపోతుంది. అందుకే పెడల్ మెత్తగా నేల దాకా దిగుతుంది, బండి ఆగదు.

సీలు తీయని డాట్ 4 లీటరు కొను. డాట్ 5.1 దొరికితే ఇంకా మంచిది, దానికి కొత్తలో 260, తేమ పట్టాక 180. డాట్ 5 మాత్రం వద్దు. పేర్లు దగ్గరగా ఉన్నాయి గానీ అది సిలికోన్ రకం, నీ బండికి పనికిరాదు. పై డబ్బాలో ఉన్నది తీసి కొత్తది పోస్తే మార్చినట్టు కాదు. నాలుగు చక్రాల దగ్గరా ఆయిల్ బయటికి వదిలే నిపుల్ విప్పి, టీ డికాక్షన్ రంగు పోయి లేత పసుపు వచ్చేదాకా వదలాలి. పక్కనే నిలబడి చూడు, ముఖ్యంగా వెనక డ్రమ్ముల దగ్గర.

ముందు ప్యాడ్ల మందం 6 మిల్లీమీటర్లు దాటి ఉంటే మొదటి రోజుకి ఉన్నవే సరిపోతాయి. అంతకన్నా పలచబడితే మార్చు. పలచటి ప్యాడ్ వేడిని నేరుగా క్యాలిపర్‌కి (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం), అక్కణ్నుంచి ఆయిల్‌కి పంపేస్తుంది. కొత్తవి వేయిస్తే ట్రాక్‌కి ముందే వాటిని కుదర్చాలి. ఖాళీ రోడ్డు మీద 80 నుంచి 20కి ఎనిమిది, పదిసార్లు బ్రేక్ వేస్తూ పో, మధ్యలో పూర్తిగా ఆగకు. ఆ తర్వాత పది నిమిషాలు బ్రేక్ పెద్దగా తాకకుండా నడిపి చల్లార్చు.

ప్రతి సెషన్‌లో చివరి రౌండు నెమ్మదిగా, బ్రేక్ వీలైనంత తక్కువ వాడుతూ తిరుగు. పిట్‌లోకి, అంటే ట్రాక్ పక్కన బండ్లు ఆపే చోటికి, వచ్చి ఆగాక పెడల్ మీద కాలు ఉంచకు. కాలే డిస్కుకి ప్యాడ్ పదార్థం ఒకే చోట అంటుకుంటే ఇంటికెళ్లే దారంతా బ్రేక్ తొక్కినప్పుడల్లా స్టీరింగ్ వణుకుతుంది. హ్యాండ్‌బ్రేక్ కూడా లాగకు, వెనక డ్రమ్ములూ కాలిపోతూ ఉంటాయి. టర్బో చల్లారడానికి ఇంజిన్‌ని రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపు. తర్వాత మొదటి గేరు వేసి, చక్రానికి అడ్డంగా చెక్కముక్క పెట్టి, బానెట్ ఎత్తు.

సుద్దముక్క

టైర్ల గురించి నేను చెప్తాను. వేయించి ఏడాది అన్నారు, తయారై ఎన్నాళ్లయిందో కూడా చూడండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం. ఐదారేళ్లు దాటిన రబ్బరు గట్టిపడుతుంది, గాడి ఎంత లోతుగా ఉన్నా పట్టు ఉండదు.

పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు నాలుగింటికీ 33 పీఎస్‌ఐ పెట్టండి. మొదటి సెషన్ అయి రాగానే, టైర్లు చల్లారకముందే చూస్తే 38 నుంచి 40 దాకా చూపిస్తుంది. ముందువి 37, వెనకవి 36 దగ్గరికి దించండి. వేడెక్కాక పెరుగుతుంది కదా అని మొదట్లోనే 26, 28 పెట్టకండి. మామూలు రోడ్డు టైరు పక్కగోడ మెత్తన. గాలి తక్కువైతే మలుపులో టైరు మడత పడి, భుజం (నేలకి ఆనే భాగం, పక్కగోడ కలిసే అంచు) మీద నడుస్తుంది.

సరిపోయిందో లేదో టైరే చెబుతుంది. చాలా టైర్లకి భుజం దగ్గర చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. దాని మీదుగా, నేలకి ఆనే భాగం నుంచి పక్కగోడ దాకా సుద్దముక్కతో అడ్డగీత గీయండి. ఒక టైరుకి మూడు చోట్ల గీస్తే చాలు. సెషన్ అయ్యాక సుద్ద త్రికోణం కొస దాకా చెరిగితే గాలి సరిగ్గా ఉన్నట్టు. కొస దాటి కిందికి చెరిగితే 2 పీఎస్‌ఐ పెంచండి. త్రికోణానికి చాలా పైనే ఆగిపోతే 1 దించి చూడండి. కుడి మలుపులు ఎక్కువున్న ట్రాక్‌లో ఎడమ ముందు టైరుదే అసలు కష్టం, ముందు దాన్ని చూడండి.

బంకుల్లో గేజీలు తలా ఒకటి చెబుతాయి. మీ సొంత గేజీ, 12 వోల్టుల గాలి పంపు వెంట ఉంచుకోండి. సాయంత్రం టైర్లు చల్లారాక గాలి 30 దగ్గరికి పడిపోయి ఉంటుంది. మళ్లీ 33కి నింపకుండా హైవే ఎక్కకండి.

పోలో వీల్ బోల్టులకి 120 న్యూటన్ మీటర్లు. పంక్చర్ షాపులో గాలి గన్నుతో బిగిస్తే ఎంత పడిందో ఎవరికీ తెలియదు, బోల్టు సాగే ప్రమాదమూ ఉంది. టార్క్ రెంచ్‌తో బిగించి, మొదటి సెషన్ అయి చక్రాలు చల్లారాక ఇంకోసారి చూడండి.

పాలసీ పేజీ

ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి. మన దేశంలో ప్రైవేటు కారు పాలసీలో వాడకం మీద పరిమితులని ఒక పేరా ఉంటుంది. నిర్వహించే రేసులు, పేస్ మేకింగ్, వేగ పరీక్షలు, రిలయబిలిటీ ట్రయల్స్‌కి వర్తించదని అందులోనే రాసి ఉంటుంది. నిర్వాహకులు ట్రాక్ డే అన్నా, శిక్షణ అన్నా, క్లెయిమ్ దగ్గర ఆ పేరానే అడ్డొస్తుంది. గేటు లోపల జరిగేదంతా మీ ఖర్చే అనుకుని వెళ్లండి. గోడకో, టైర్ల కట్టకో తగిలితే ఎంత వసూలు చేస్తారో, చెడిపోయిన బండిని బయటికి ఎవరు లాగుతారో ముందే రాతపూర్వకంగా అడగండి. విజయవాడ నుంచి వచ్చే దారిలో మాత్రం మీ పాలసీ మామూలుగానే పనిచేస్తుంది.

మూడో గేరు

నడపడం గురించి. ముందు కూర్చునే తీరు సరిచేసుకో. భుజాలు సీటుకి ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద పడాలి. క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కాస్త వంగే ఉండాలి. దీనికి ఊళ్లో నడిపేదానికన్నా ఒకట్రెండు మెట్లు ముందుకు కూర్చోవాల్సి వస్తుంది. బెల్టుకి ఒక కిటుకు ఉంది. సీటు ఒక మెట్టు వెనక్కి జరిపి బెల్టు పెట్టుకో. భుజం దగ్గర గట్టిగా ఒక్క గుంజు గుంజితే లాక్ పడుతుంది. అలా పట్టుకునే సీటు ముందుకి జరుపు. నడుము, భుజం రెండూ సీటుకి అతుక్కుపోతాయి. ఒళ్లు జారకుండా ఉండటానికి స్టీరింగ్‌ని పట్టుకుని వేలాడే అవసరం ఉండదు.

మొదటి సెషన్ దారి నేర్చుకోవడానికే. గేర్లు మూడు, నాలుగు చాలు. నిదానమైన మలుపుల్లో కూడా రెండుకి దించకు. ఐదు నుంచి నాలుగుకి దించబోయి తొందరలో రెండులో పడితే చక్రాలే ఇంజిన్‌ని తిప్పేస్తాయి. ఇంజిన్ హద్దు మించి తిరగకుండా చూసే రెవ్ లిమిటర్ పెట్రోలు ఆపగలదు గానీ చక్రాలని ఆపలేదు కదా. వాల్వులు వంగుతాయి.

బ్రేక్ దగ్గర రోడ్డు అలవాటు తిరగబడాలి. రోడ్డు మీద మెల్లగా మొదలెట్టి చివర్లో గట్టిగా తొక్కుతాం. ఇక్కడ స్టీరింగ్ నేరుగా ఉన్నప్పుడే మొదట గట్టిగా తొక్కి, వేగం తగ్గేకొద్దీ కాలు వదులుతూ రావాలి, మలుపు తిప్పే వేళకి దాదాపు పూర్తిగా వదిలెయ్యాలి. ఏబీఎస్ కొట్టుకుంటే పెడల్ కాలి కింద గడగడలాడుతుంది. అది మామూలే, కాలు తీయకు. దూరం బోర్డులు ఉంటే మొదట 200 దగ్గర మొదలెట్టు. మలుపుకి ముందే వేగం మరీ తగ్గిపోతోందనిపిస్తే తర్వాతి రౌండులో బ్రేక్ మొదలెట్టే చోటుని ఓ పది మీటర్లు మలుపు వైపుకి జరుపు.

మలుపులోకి బయటి అంచు నుంచి వచ్చి, లోపలి అంచుని తాకి, మళ్లీ బయటి అంచుకి పోవాలి. కొత్తవాళ్లు లోపలి అంచుని తొందరగా తాకేస్తారు, దాంతో బయటికి వచ్చేసరికి రోడ్డు అయిపోతుంది. కాస్త ఆలస్యంగా తిప్పు, చివర్లో చోటు మిగులుతుంది. చూపు బానెట్ ముందు కాదు, వెళ్లాల్సిన చోట ఉండాలి.

ముందు చక్రాలే లాగే బండి కాబట్టి వేగం ఎక్కువైతే ముక్కు తిరగదు, నేరుగా పోతుంది. అప్పుడు స్టీరింగ్ ఇంకా తిప్పితే ఉన్న పట్టు కూడా పోతుంది. యాక్సిలరేటర్ కొద్దిగా తగ్గించి స్టీరింగ్‌ని ఓ పిసరు వెనక్కి తిప్పు, టైరు మళ్లీ పట్టుకుంటుంది. భయపడి యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలేయడం మాత్రం ప్రమాదం. బరువంతా ముందుకి పడి వెనక చక్రాలు తేలికై, తోక బయటికి తిరుగుతుంది. రెండు చక్రాలు మట్టిలోకి దిగితే వెంటనే రోడ్డెక్కాలని స్టీరింగ్ గుంజకు. అలా గుంజితే బండి అడ్డంగా తిరిగి ట్రాక్ అవతలివైపుకి దూసుకుపోతుంది. నేరుగా పట్టుకుని, వేగం తగ్గాక మెల్లగా ఎక్కు. బండి గిర్రున తిరిగిపోతే క్లచ్, బ్రేక్ రెండూ నేల దాకా తొక్కి, పూర్తిగా ఆగేదాకా అలాగే ఉంచు.

నీతో ఒక సెషన్ కూర్చునే ఇన్‌స్ట్రక్టర్ ఉంటే ఆ డబ్బు తప్పకుండా పెట్టు. ఎయిర్ ఫిల్టర్ కన్నా వంద రెట్లు పనికొస్తుంది.

పచ్చ జెండా

బండి లోపల కదిలేవన్నీ ముందురోజే తీసెయ్యండి: స్టెప్నీ, జాకీ, ఫ్లోర్ మ్యాట్లు, సీటు కింద నీళ్ల సీసా. పెడల్ కిందికి సీసా దొర్లితే ఇక బ్రేక్ లేనట్టే. డ్యాష్‌బోర్డు మీద స్వామి విగ్రహం ఉంటే ఆ ఒక్కరోజు పూజగదిలో ఉంచండి, ఆ ఎండకి జిగురు టేపు ఊడిపోతుంది. బంపరుకి కట్టిన నిమ్మకాయ, మిరపకాయలు కూడా విప్పండి. తిరుగు ప్రయాణానికి కావాల్సిన స్టెప్నీ, జాకీ పిట్‌లో ఒక మూల పెట్టుకోవచ్చు.

ముందు బంపర్లో లాగే కొక్కెం బిగించుకుని వెళ్లండి. పోలోకి అది ఎడమ మర, అంటే గడియారం ముల్లుకి వ్యతిరేకంగా తిప్పితేనే బిగుస్తుంది. ఇంటి దగ్గరే ఒకసారి ప్రయత్నించండి.

పెట్రోలు సగానికి తగ్గనివ్వకండి, పొడవైన మలుపుల్లో ట్యాంకులో పెట్రోలు ఒక పక్కకి పోతుంది. ట్రాక్ మీద లీటరుకి ఐదు కిలోమీటర్లు వస్తే గొప్ప. హెల్మెట్ ఏ రకానిది ఒప్పుకుంటారో ముందే అడగండి. బట్టలు నూలువి, చేతులు నిండుగా ఉన్నవి. అడుగు పలచగా ఉన్న బూట్లు.

జెండాలు బ్రీఫింగ్‌లో చెబుతారు, అయినా ముందే తెలిసి ఉండాలి. పసుపు అంటే ముందు ప్రమాదం, వేగం తగ్గించండి, ఎవరినీ దాటకండి. ఎరుపు అంటే సెషన్ ఆగింది, వేగం తగ్గించి పిట్‌కి రండి. నీలం అంటే వెనక మీకన్నా వేగమైన బండి ఉంది, దారి ఇవ్వండి. పసుపులో ఎర్ర గీతలుంటే ముందు రోడ్డు జారుతుంది. నలుపు మీద నారింజ చుక్క మీ కోసం చూపిస్తే బండిలో ఏదో చెడింది, పిట్‌కి రావాలి. గళ్ల జెండా పడ్డాక చల్లార్చే రౌండు మొదలు.

బెజవాడ టీఎస్ఐ

అందరికీ చాలా థాంక్స్. రీమ్యాప్ మానేశాను, రేపే బ్రేక్ ఆయిల్ మార్పిస్తున్నా. ఇంకా రెండు సందేహాలు. ఈఎస్‌పీ (బండి అదుపు తప్పి జారకుండా చూసే ఏర్పాటు) ఆపాలా, ఉంచాలా? సెషన్ మధ్యలో బ్రేక్ తేడాగా అనిపిస్తే అప్పటికప్పుడు ఏం చేయాలి?

డిస్కు డ్రమ్ము

ఈఎస్‌పీ ఉంచు. అది నిన్ను తప్పు నుంచి కాపాడుతుంది, ఎక్కడ తప్పు చేస్తున్నావో కూడా చెబుతుంది. డ్యాష్‌లో దీపం ఒకే మలుపు దగ్గర పదేపదే మెరిస్తే అక్కడ వేగంగా వెళ్తున్నావనో, స్టీరింగ్ ఎక్కువ తిప్పుతున్నావనో అర్థం.

బ్రేక్ తేడా రెండు రకాలు, కాలికే తెలుస్తుంది. పెడల్ గట్టిగానే ఉండి, ఎంత తొక్కినా బండి సరిగ్గా ఆగకపోతే, మాడు వాసన వస్తే ప్యాడ్లు వేడెక్కాయి. ఒకట్రెండు రౌండ్లు నెమ్మదిగా తిరిగితే చల్లారి మళ్లీ పనిచేస్తాయి. పెడల్ మెత్తబడి కిందికి దిగుతుంటే ఆయిల్ మరిగింది. వెంటనే రెండు మూడుసార్లు టకటకా తొక్కు, కాస్త పట్టు పుంజుకుంటుంది. ఒక్కో గేరు దించుతూ ఇంజిన్‌తో వేగం తగ్గించి, హజార్డ్ లైట్లు వేసి, అంచున నెమ్మదిగా పిట్‌కి రా. ఆ రోజుకి ట్రాక్ ఇక వద్దు. చల్లారాక పెడల్ బాగున్నట్టే అనిపిస్తుంది గానీ, గాలి బుడగలు లోపల మిగిలి ఉండొచ్చు. బ్లీడ్ చేయకుండా, అంటే నిపుల్ విప్పి ఆ బుడగల్ని బయటికి వదలకుండా, నెల్లూరు వైపు బండి తిప్పకు. లీటరుతో పాటు సీలు తీయని అర లీటరు డబ్బా ఒకటి, నిపుల్‌కి సరిపోయే స్పానర్, గజం ప్లాస్టిక్ ట్యూబు డిక్కీలో పెట్టుకో. వాటితో పిట్‌లోనే అరగంటలో పనైపోతుంది.